ఎలుక తల్లికి ఇచ్చిన మందు

శ్రోతలకు నమస్కారం.

బిడ్డ పుట్టకముందే తల్లికి మందు ఇచ్చి ఆటిజం లక్షణాలు రాకుండా ఆపవచ్చునా? ఎలుకల్లో ఆపగలిగామని 2014 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో యెహెజ్కెల్ బెన్-ఆరి బృందం చేసిన పని అది.

ఎలుకకు ఆటిజం ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. నిజానికి రాదు, అది మనుషుల్లో గుర్తించే స్థితి. గర్భంతో ఉన్న ఎలుకకు, పిండంలో మెదడు రూపుకట్టే దశలో, వాల్‌ప్రోయేట్ అనే మందు ఇస్తారు. మన దగ్గర కూడా ఫిట్స్‌కు వాడే మందే ఇది. పుట్టిన పిల్లలు తోటి ఎలుకలతో తక్కువగా కలుస్తాయి, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తాయి. ఆటిజం లక్షణాలను పోలినవి ఇవి. ఈ పద్ధతికి మూలం మనుషుల అనుభవమే, తర్వాతి లెక్కలూ దాన్నే బలపరిచాయి. డెన్మార్క్‌లో 1996 నుంచి 2006 వరకు పుట్టిన 6,55,615 మంది పిల్లల వివరాలు పరిశీలించిన అధ్యయనం 2013లో వచ్చింది. మొత్తం పిల్లల్లో ఆటిజం స్పెక్ట్రం 1.53 శాతం కాగా, గర్భవతిగా ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల్లో అది 4.42 శాతం. అంటే ఆ తల్లుల బిడ్డల్లో కూడా చాలామందికి ఆటిజం రాలేదు.

ఇక మార్సెయ్ ప్రయోగం. ఎదిగిన మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను శాంతపరుస్తుంది. పిండంలో మాత్రం అదే రసాయనం వాటిని ఉత్తేజపరుస్తుంది, ఎందుకంటే ఆ దశలో కణం లోపల, ఉప్పులో ఉండే క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. పురిటి సమయంలో తల్లి నుంచి వచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోను ప్రభావంతో ఆ క్లోరైడ్ తగ్గి, గాబా తన పని మార్చుకుంటుంది. వాల్‌ప్రోయేట్ ఇచ్చిన తల్లుల పిల్లల్లో ఈ మార్పు జరగలేదు. ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపం ఉన్న చిట్టెలుకల్లోనూ జరగలేదు. ఒంట్లో చేరిన నీరు తీయడానికి వాడే బ్యూమెటనైడ్ అనే మందుకు, కణంలోకి క్లోరైడ్ చేరకుండా అడ్డుకునే గుణం ఉంది. ప్రసవానికి కొద్దిముందు దాన్ని తల్లికి ఇస్తే పిల్లల్లో గాబా సరిగా పనిచేసింది. తల్లికి దూరం చేసినప్పుడు ఎలుకపిల్లలు మన చెవికి అందనంత సన్నగా కూతలు పెడతాయి. మామూలు పిల్లలతో పోలిస్తే ఈ పిల్లల కూతల్లో ఉన్న తేడా కూడా సర్దుకుంది. మందు ఇచ్చి సరిచేయడం ఒక ఎత్తు. ఆరోగ్యంగా ఉన్న తల్లి ఎలుకల్లో ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటే వాటి పిల్లల్లోనూ అలాంటి లక్షణాలే కనిపించడం మరో ఎత్తు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండోదే.

అయినా దీన్ని గర్భిణులకు చికిత్స అనుకోవడం పొరపాటు. ప్రయోగశాలలో ఏ తల్లికి వాల్‌ప్రోయేట్ ఇచ్చారో పరిశోధకులకు ముందే తెలుసు. మన ఆసుపత్రిలో పురిటికి వచ్చిన తల్లి కడుపులోని బిడ్డకు ఆటిజం వస్తుందో లేదో చెప్పగల పరీక్ష లేదు. ఎవరికి అవసరమో తెలియకుండా, నిండు గర్భిణులందరికీ ఒంట్లో నీరు తీసే మందు ఏ వైద్యుడు ఇవ్వగలడు?

అదే మందును ఆటిజం ఉన్న పిల్లలకే ఇచ్చి చూశారు. మొదటి చిన్న ప్రయోగాలు ఆశ పెంచాయి. పలు దేశాల్లో 400 మందికి పైగా పిల్లలు, కౌమారులతో జరిగిన పెద్ద ప్రయోగాల్లో మాత్రం ఉత్తుత్తి మందు కంటే మేలైన ఫలితం రాలేదు. 2021లో వాటిని ఆపేశారు. ఎలుకల్లో మందు పడింది పుట్టుక ఘడియల్లో, పిల్లలకు అందింది పుట్టిన ఏళ్ళ తర్వాత. కాబట్టి ఈ వైఫల్యంతో ఎలుకల ఫలితం తప్పని తేలలేదు, మనుషుల్లో నిజమనీ తేలలేదు.

ఈ పరిశోధనల గురించి విని, ఆటిజం ఉన్న బిడ్డ తల్లిని "కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్ర వేసుకున్నావు?" అని నిలదీసేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ మాట ఎవరూ అనవద్దు. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దది. ఎలుకల ప్రయోగాలు ఏ తల్లి మీదా నేరం మోపడం లేదు.

ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతున్న ఆడపిల్లలు, స్త్రీలు ఈ ప్రసంగం విని మాత్ర ఒక్కసారిగా మానేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తీవ్రంగా తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లల్ని కనాలనే ఆలోచన రాగానే, గర్భం దాల్చకముందే, న్యూరాలజిస్టును కలవండి. ఇప్పటికే గర్భవతి అయితే వెంటనే వెళ్ళండి, అప్పటివరకు మందు కొనసాగించండి. వేరే మందుకు మారవచ్చా, ఎంత మోతాదు సరిపోతుంది, ఫోలిక్ యాసిడ్ ఎప్పటినుంచి వేసుకోవాలి అన్నవి ఆయననే అడగండి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి.

సెలవు.