మూడేళ్లు దాటితే కేసు పోయినట్టేనా?

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, అన్నలకు నమస్కారం.

అత్తింట్లో వేధింపులు పడి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి చాలామంది ఒక మాట చెబుతారు: "మూడేళ్లు దాటిపోయింది, ఇక కేసు చెల్లదు." ఒక్కోసారి అవతలి పక్షం పెద్దమనిషే ఈ మాట అంటాడు. అది విని నోరు మూసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఈ రోజు ఆ లెక్క గురించే మాట్లాడతాను.

పాత శిక్షాస్మృతి ఐపీసీలో వేధింపుల సెక్షన్ 498ఏ 1983లో వచ్చింది. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ వర్తిస్తుంది. దీనికి గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు. అలాంటి నేరాలకు కేసు పెట్టే గడువు కూడా మూడేళ్లే. కానీ దాన్ని పెళ్లిరోజు నుంచి లెక్కపెట్టరు, మొదటి దెబ్బ నుంచీ కాదు. కొత్తగా వేధించిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని 1999లో అరుణ్ వ్యాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చివరిసారి ఏం జరిగింది, ఏ రోజు జరిగింది అన్నది ముఖ్యం.

మరి లెక్క ఎక్కడ ఆగుతుంది? ఫిర్యాదు దాఖలైన రోజున. 2013లో సారా మాథ్యూ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. ఛార్జిషీటు ఆలస్యమైతే ఆ భారం ఆమె మీద పడదు. కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 514వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది: పోలీసులు సమాచారం నమోదు చేసిన తేదీ, లేదా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసిన తేదీ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్టేషన్లో కౌన్సెలింగ్ అంటూ వాయిదాల మీద వాయిదాలు వేస్తుంటే గడువు ఆగదు. రాజీ మాటలు నడవనివ్వండి, కానీ ఎఫ్ఐఆర్ సంగతి మరిచిపోవద్దు.

గడువు నిజంగానే దాటినా దారి మూసుకుపోదు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే, లేదా న్యాయం కోసం అవసరమనిపిస్తే, కోర్టు కేసు స్వీకరించవచ్చు. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వంకా రాధామనోహరి కేసులో జరిగింది అదే. గడువు దాటిందని హైకోర్టు కొట్టేసిన కేసును సుప్రీంకోర్టు 1993లో నిలబెట్టింది. ఇంట్లో రోజూ పడే నరకాన్ని భార్య చివరి దారిగానే కోర్టులో చెప్పుకుంటుందని గుర్తించింది. "ఒక బిడ్డ పుడితే మారతాడు, చెల్లి పెళ్లయ్యేదాకా ఓర్చుకో" అని మనమే ఆపుతాం. తర్వాత "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని మనమే నిలదీస్తాం. ఇది చాలా అన్యాయం.

కట్నం అడిగినా, పుచ్చుకున్నా 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద పెట్టే కేసుకు ఈ గడువే లేదు. పెళ్లయిన ఏడేళ్లలోపు అని వినిపించే మాట వరకట్న మరణాలకు సంబంధించినది, ఫిర్యాదు గడువుకు కాదు.

మగపిల్లల తల్లిదండ్రుల బాధ కూడా నేను కొట్టిపారేయను. 2024 డిసెంబరులో తెలంగాణకు చెందిన దారా లక్ష్మీనారాయణ కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. వేధింపు ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో ఫిర్యాదులో లేదంది. కోపం కొద్దీ ఎక్కడో వేరే ఊళ్లో ఉండే ఆడపడుచు పేరూ, బంధువులందరి పేర్లూ రాయిస్తే అసలు వేధించినవాడే లాభపడతాడు. ఎవరు ఏం చేశారో, ఏ రోజు చేశారో అంతే రాయండి.

విదేశీ సంబంధాల గురించి ఒక్క మాట. అబ్బాయి దేశంలో లేని కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేస్తారు. నేరం అక్కడే జరిగితే మాత్రం విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలని 2011లో తోట వెంకటేశ్వర్లు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అనుమతి ఆలస్యం కావచ్చు. అయినా ఫిర్యాదుకు అమ్మాయి మళ్లీ అత్తగారి ఊరు వెళ్లనక్కర్లేదు. తలదాచుకున్న చోటే ఇవ్వవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో తేలింది. మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తేదీలతో సహా ఆ ఫిర్యాదుకే జతచేయండి.