సరిహద్దు జాతరల్లో ఆఖరి కుస్తీ
(మహారాష్ట్ర నాందేడ్ జిల్లా దెగ్లూరులో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, వెనక వరుసల్లో చెప్పులు విడిచి కూర్చున్న, కుస్తీ నేర్చుకునే తాలీం పిల్లలకు నమస్కారం.

తెలుగులో వస్తాదు అంటే కుస్తీ పట్టేవాడు, మరాఠీలో వస్తాద్ అంటే కుస్తీ నేర్పేవాడు. రెండూ ఉస్తాద్ అన్న మాటలోంచి వచ్చినవే. మన దెగ్లూరులో మాత్రం ఈ రెండు అర్థాలూ ఒకే వీధిలో తిరుగుతుంటాయి కనుక, ఎవరైనా వచ్చి వస్తాదు ఇల్లెక్కడ అని అడిగితే, అడిగినవాడిది ఏ భాషో చూసుకుని దారి చెప్పవలసి వస్తుంది. నేను ఈ సాయంత్రం మాట్లాడబోయేది మా మేనమామ తెలుగు అర్థంలో వస్తాదుగా వెలిగిన ఏడేళ్ల గురించి. ఆయన పేరు ఈ సభలో సగం మందికి తెలుసు. పేరు పెట్టి పొగడడం ఆయనకు గిట్టదు కాబట్టి మామ అనే అంటాను.

ఏడేళ్లు విజేతగా ఉన్నాడని చెబుతున్నానే గాని, చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. జాతర కుస్తీకి సర్టిఫికెట్టు ఉండదు, గెలిచినవాళ్ల జాబితా రాసిపెట్టే రిజిస్టరు ఉండదు. మరి విజేత అని ఎలా తేలుతుందంటే, కుస్తీలు జరిగే వరసను బట్టి తేలుతుంది. దున్ని, రాళ్లు ఏరి, నీళ్లు చిలకరించి మెత్తబరచిన మడిలో మధ్యాహ్నం మొదట దిగేది చిన్నపిల్లలు. వాళ్లకు బహుమానం కొబ్బరికాయ. ఆ తరువాత పది రూపాయల కుస్తీ, ఇరవై రూపాయల కుస్తీ, వంద, అయిదు వందలు, ఇలా పొద్దు వాలేకొద్దీ ఇనాం పెరుగుతుంది, మనుషులూ పెద్దవాళ్లవుతారు. చిట్టచివర, గుడి ముందు దీపం పెట్టే వేళకు, వెండి కడెం కోసం పట్టేది ఆఖరి కుస్తీ. తూకాలు చూడరు, వయసు అడగరు. ఊరి పంచులు, అంటే తీర్పు చెప్పే పెద్దమనుషులు, ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, భుజాలూ మెడలూ కళ్లతోనే కొలిచి, ఈ జోడు కుదిరిందంటే కుదిరినట్టే. ఏ ఊళ్లోనైనా ఆఖరి కుస్తీకి జోడు వెతికేటప్పుడు ఒక పక్క మనిషి ముందే ఖాయమై ఉండి, రెండో మనిషి కోసమే వెతుకులాట జరుగుతుంటే, ఆ ఖాయమైనవాడే ఆ ఏటి విజేత. ఏడు సీజన్లపాటు ఈ చుట్టుపక్కల ఆ ఖాయమైన మనిషి మా మామ.

చుట్టుపక్కల అంటే ఎంత మేర అన్నది చెప్పాలి. వానకారు పంట ఇల్లు చేరాక మొదలయ్యే ఈ జాతరల వరస చైత్రంలో హనుమజ్జయంతి దాకా సాగుతుంది. మార్గశిర మాసం చివర లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా యాత్ర జరుగుతుంది. గుర్రాల సంతకు పేరుపడ్డ ఆ యాత్రలో కుస్తీల దంగల్ కూడా ఉంటుంది. హోలీ నాడు బోధన్ దగ్గరి హున్సాలో సాయంత్రం పిడిగుద్దులాట ప్రసిద్ధం, దానికి ముందు కుస్తీలు పడతారు. మధ్యలో బిలోలీ, ధర్మాబాద్, మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ వైపు ఊరూరి జాతరలు, బీదర్ జిల్లా ఔరాద్ వైపు ఇంకొన్ని. ఇది మూడు రాష్ట్రాల నేల అని ఇప్పుడు అంటున్నాం. 1956 నవంబరు 1 వరకు ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే. ఆ రోజున మన దెగ్లూరు తాలూకాలోనివే అయిన బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు కూడా అటే పోయాయి. మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960 తరువాత మహారాష్ట్రలోకి వచ్చాం. రెవెన్యూ కాగితాలు వేరుపడ్డాయి గాని జాతరల వరస వేరుపడలేదు. సలాబత్‌పూర్ దగ్గర చెక్‌పోస్టులో లారీలు ఆగేవి, పహిల్వాన్లు ఆగేవారు కాదు. మామ ఒక ఊళ్లో డప్పు మోతకు, ఇంకో ఊళ్లో హల్గీ మోతకు మడిలోకి దిగాడు. పంచులు ఒకచోట తెలుగులో, ఒకచోట మరాఠీలో, ఒకచోట కన్నడంలో, ఎక్కడైనా పేచీ వస్తే ఉర్దూలో మాట్లాడేవారు.

ఇదే కాలంలో మహారాష్ట్రలో ఇంకొక రకం విజేతలు ఉన్నారు. వాళ్ల సంవత్సరాలు అచ్చులో ఉన్నాయి. రాష్ట్రమంతటికీ జరిగే మహారాష్ట్ర కేసరి కుస్తీ పోటీ 1961లో మొదలైంది. ఇప్పటి పద్ధతిలో అందులో మట్టి విభాగం గెలిచినవాడూ, మ్యాట్, అంటే పరుపు, విభాగం గెలిచినవాడూ చివర తలపడతారు, గెలిచినవాడికి వెండి గద ఇస్తారు. ఆ పోటీ మొదలైన 50 ఏళ్ల దాకా వరసగా మూడుసార్లు నెగ్గినవాడు లేడు. 2011, 2012, 2013లలో నర్సింగ్ యాదవ్ ఆ పని చేశాడు, వెంటనే 2014 నుంచి 2016 దాకా విజయ్ చౌదరి కూడా చేశాడు. మన మరాఠ్వాడా గర్వంగా చెప్పుకునే హరిశ్చంద్ర బిరాజ్‌దార్ పక్కనున్న లాతూర్ జిల్లావాడే. 1970లో ఎడింబరో కామన్వెల్త్ క్రీడల్లో 82 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. మామ తన జీవితంలో కుస్తీ గురించి ఎవరినైనా పెద్ద మనిషిగా ఒప్పుకున్నాడంటే అది బిరాజ్‌దార్ ఒక్కడినే. ఆ పేరు వచ్చినప్పుడు కూర్చున్నవాడు కాస్త నిటారుగా సర్దుకునేవాడు.

మరి మామ గద దాకా ఎందుకు పోలేదని నన్ను చాలామంది అడిగారు. అందరూ అనుకునే కారణం మ్యాట్. మట్టిలో పెరిగినవాడు మ్యాట్ మీద తేలిపోతాడన్నది అబద్ధం కాదు. ఖాశాబా జాధవ్ అంతటివాడే 1948 లండన్ ఒలింపిక్స్‌లో మ్యాట్ మీద మొదటిసారి పట్టి ఆరో స్థానంతో తిరిగివచ్చి, నాలుగేళ్ల తరువాత హెల్సింకీలో కంచు పతకం పట్టుకున్నాడు. మట్టిలో కాలు నాటుకుంటుంది, ఆట నెమ్మదిస్తుంది, బరువైన ఓపికకు విలువ ఉంటుంది. మ్యాట్ మీద గడియారం ఉంటుంది, పాయింట్లు ఉంటాయి. కాని మామ విషయంలో అసలు కారణం ఇంకా మామూలుది. అది ఖురాక్, పహిల్వాను తినే తిండి.

ఈ ఖురాక్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే విజేత సంవత్సరాలను లెక్కించవలసింది వంటింట్లోనే అని నా నమ్మకం. మామ తెల్లవారుజామున నాలుగింటికి లేచి తాలీంకు పోయి దండీలు, బస్కీలు తీసి, మడి తవ్వి, కుర్రవాళ్లతో జోర్, అంటే సాధన కుస్తీ, చేసి వచ్చేసరికి అత్తయ్య బాదం నూరి ఉంచేది. రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, రాతి మీద గంధంలా అరగదీయాలి. మిక్సీలో వేస్తే నూనె చేదెక్కుతుందని ఆమె వాదన, అది నిజమో కాదో నేను పరీక్షించలేదు. దానితో పాలు, నెయ్యి, జొన్న రొట్టె. రెండు బర్రెల పాలు ఆ ఇంట్లో ఒక్క మనిషికే పోయేవి. మా పిల్లకాయలకు టీలోకి పాలు పక్కింటి నుంచి వచ్చేవి. ఒకటిన్నర ఏళ్లు ఆయన కొల్హాపూర్‌లో ఉండి నేర్చుకున్నాడు. శాహూ మహారాజు కట్టించగా 1912లో తెరిచిన ఖాస్‌బాగ్ కుస్తీ మైదానాన్ని ఆయన వర్ణిస్తే, గుండ్రంగా మెట్లు మెట్లుగా ఉన్న ఆ కట్టడం దెగ్లూరు బస్టాండు కంటే మాకు బాగా తెలిసినట్టుండేది. అక్కడి తాలీంలో ఉండేవాడు బియ్యం, జొన్నలు, నెయ్యి ఇంటినుంచి తెప్పించుకుని తానే వండుకోవాలి. ఇంటినుంచి నెయ్యి డబ్బా పోవడం ఆగిన నెలలో మామ తిరిగివచ్చాడు. ఆ ఏడు రెండు బర్రెల్లో ఒకటి చచ్చిపోయింది. గద దాకా పోకపోవడానికి కారణం అంతే.

ఇక గెలిచిన కడేలు ఏమయ్యాయి? కడెం అంటే ఊరి స్తోమతను బట్టి మూడు తులాలో, అయిదు తులాలో, గట్టి ఊరైతే పదో ఉండేది. మార్గశిరం నుంచి చైత్రం దాకా వచ్చిన కడేలు అత్తయ్య ఒక పాత గుడ్డలో మూటగట్టి ధాన్యపు గాబులో దాచేది. వానలు పడ్డాక జాతరలు ఉండవు, కుస్తీ సంపాదన ఉండదు, కాని కసరత్తు ఆగదు, ఖురాక్ ఆగదు. ఆషాఢం నుంచి ఒక్కొక్క కడెం మూటలోంచి తీసి కంసాలి దగ్గరికి పోయేది. అయిదు తులాల కడెం అమ్మితే బర్రెలకు దాణా, కొంత బాదం. దసరా నాటికి మూట ఖాళీ. అంటే, పోయిన ఏడు గెలిచినదాన్ని ఈ ఏడు తిని, ఆ బలంతో వచ్చే ఏడు మళ్లీ గెలవాలి. గెలవకపోతే బాకీ పడతాడు. విజేత అనే మాటలో వినిపించే నిశ్చింత మా ఇంట్లో ఏ ఒక్క ఏడూ లేదు. దీన్ని కష్టాల కథగా చెప్పడం నా ఉద్దేశం కాదు, లెక్కగా చెబుతున్నాను. అత్తయ్య కూడా లెక్కగానే చెప్పేది.

ఇంకొక సంగతి. ఊరి కంసాలి మామూలు మనిషి చేతికి సరిపడేలా కడెం చేస్తాడు. గెలిచేవాడి మణికట్టు మామూలుగా ఉండదు. మామ గెలిచిన కడేల్లో ఒక్కటీ ఆయన చేతికి ఎక్కలేదు. పంచులు తలకు పటకా చుట్టి, కడెం చేతికి తొడగబోయి, వేళ్ల ముడుకుల దగ్గరే ఆగిపోతే, జనం నవ్వుతుంటే, చివరికి దాన్ని ఆయన అరచేతిలో పెట్టి డప్పు కొట్టించేవారు.

నేను దగ్గరుండి చూసిన ఒక ఆఖరి కుస్తీ చెబుతాను. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఔరాద్ వైపు నుంచి వచ్చిన మనిషి మామకంటే జానెడు పొడుగు, వయసులో చిన్నవాడు. ఇద్దరూ మడికి మొక్కి, చేతులు తాకించుకుని, ఒకరి భుజాల మీద ఒకరు మట్టి చల్లుకున్నారు. చెమట పట్టిన ఒంటి మీద మట్టి లేకపోతే పట్టు నిలవదు. అది నికాలీ కుస్తీ, వీపు నేలకు తగిలేదాకా వదిలేది లేదు. తెలుగులో చిత్తు చేశాడంటామే, ఇక్కడ ఆ మాటకు అలంకారమేమీ లేదు, రెండు భుజాలూ మట్టిని తాకడమే. చాలాసేపు ఏమీ జరగలేదు. మెడ మీద మెడ, నుదుటికి నుదురు ఆనించుకుని, దున్నపోతుల్లా ఒకరినొకరు నెట్టుకుంటూ మడంతా తిరిగారు. జనం విసుగెత్తి ఈలలు వేశారు. పంచులు పెట్రోమాక్స్ దీపాలు తెప్పించి, బరాబర్ అని తేల్చి ఇనాం చెరిసగం చేద్దామా అని గుసగుసలాడుకున్నారు. అప్పుడు ఆ పొడుగాయన మామను లాగి బోర్లా కిందికి తెచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి పైనున్నది మామ. పొడుగాయన మోకాళ్ల మీద వంగి ఉండగా, మామ వెనకనుంచి లంగోటా పట్టుకుని, మోకాలు అతని మెడ మీద మోపి, ముందుకు దొర్లించాడు. దాన్ని ఘిస్సా అంటారు. కిందికి పోయింది తానే కావాలని పోయానని ఆ రాత్రి ఎడ్లబండిలో మామ చెప్పాడు. నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. తరువాత మాట్లాడలేదు, ఎడమ చెవి పట్టుకుని కూర్చున్నాడు. నలిగి నలిగి మూసుకుపోయిన ఆ చెవితో ఆయనకు ఈనాటికీ సరిగా వినపడదు. నాకు మాత్రం ఆ పొడుగాయన లేచి, ఒళ్లు దులుపుకుని, మామ కాళ్లకు మొక్కి, వచ్చిన దారినే నడిచిపోవడం బాగా గుర్తుంది. అతనికి రానుపోను ఖర్చు ఎవరిచ్చారో అప్పుడు ఆలోచించే వయసు కాదు నాది.

ఏడో సీజను తరువాత ఒక ఊళ్లో, ఊరి పేరు అనవసరం, పంచులు మామను పక్కకు పిలిచి, ఈ ఏడు ఆఖరుదానికి ముందు కుస్తీ పట్టమని మర్యాదగానే చెప్పారు. ఆఖరుదానికి ఇద్దరు కుర్రవాళ్ల జోడు కుదిరిందట. ఇనాంలో తేడా పెద్దదేమీ కాదు. మామ సరేనని పట్టాడు, గెలిచాడు, రూపాయలు తీసుకున్నాడు. తరువాత ఆఖరి కుస్తీ చూడకుండా వచ్చిన ఏకైక జాతర అదే. ఆ ఏడు హనుమజ్జయంతి దాకా పిలిచిన ఊళ్లకన్నిటికీ పోయాడు గాని, మరుసటి మార్గశిరంలో లంగోటా కట్టలేదు. ఓడిపోయి మానేశాడని కొందరంటారు. ఓడిపోలేదు. వరసలో ఒక మెట్టు కిందికి వచ్చాడు, ఈ వరసలో దాని అర్థం ఏమిటో ఆయనకు తెలుసు.

ఆ తరువాతే మరాఠీ మాట్లాడే వీధులవాళ్లు ఆయన్ను వస్తాద్ అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలకు మట్టి మడీ ఉంది, పక్కనే రేకుల కింద పాత మ్యాటూ ఉంది. ఇద్దరు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. 2023లో సాంగ్లీలో ఆడవాళ్లకు మొదటిసారి మహారాష్ట్ర కేసరి పెట్టి ప్రతీక్షా బాగ్డీ గెలిచిందాకా, ఈ సంగతి ఊళ్లో చెప్పడానికి వాళ్ల ఇంటివాళ్లు మొహమాటపడ్డారు. మామ పడలేదు. బాదం ఎవరు నూరుతున్నారని మాత్రం వాళ్లను అడిగాడు.

అమ్మకుండా మిగిలిన కడెం ఒక్కటే, ఏడో సీజనుది. అయిదు తులాలది, అత్తయ్య పోయినప్పుడు గాబు అడుగున దొరికింది. ఆ ఏడు వానల్లో దాన్ని ఎందుకు అమ్మలేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. మామను అడిగి తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. సభ అయ్యాక పిల్లలు చేతికి వేసుకుని చూడవచ్చు, మీ చేతులకు ఇంకా ఎక్కుతుంది.