నది వెంట నడిచిన ఊరు: డ్యూస్‌బర్గ్

శ్రోతలకు నమస్కారం.

జర్మనీ పశ్చిమ భాగంలో, రూర్ నది వచ్చి రైన్ నదిలో కలిసేచోట డ్యూస్‌బర్గ్ నగరం ఉంది. సముద్రతీరానికి ఎంతో దూరాన, దేశం లోపల ఉన్నప్పటికీ, ప్రపంచంలోని నదీ రేవులన్నిటిలోనూ పెద్దదిగా పేరు పొందింది ఈ ఊరి రేవే. నదులు కలిసే చోటు కాబట్టి ఇదంతా సహజంగా జరిగిపోయిందని అనుకుంటాం. కానీ ఇక్కడ నది దానంతటది ఇచ్చినదాని కంటే, నదిని చేజారనివ్వకుండా జనం పడిన శ్రమే ఎక్కువని నా అభిప్రాయం.

883లో వైకింగులు అనే ఉత్తర ఐరోపా సముద్ర దోపిడీదారులు రైన్ మీదుగా వచ్చి ఈ ఊరిని పట్టుకొని, ఆ చలికాలమంతా ఇక్కడే గడిపారు. అప్పట్లో నది ఊరిని ఆనుకొని పారేది. మధ్యయుగాల్లో రైన్ దారి మార్చుకొని పడమటి వైపుకు జరిగిపోయింది. పడవలు రాని రేవుకు వర్తకులెందుకు వస్తారు? సందడిగా ఉన్న వ్యాపార కేంద్రం క్రమంగా పొలాల మధ్య ఒదిగిన చిన్న ఊరైపోయింది. అలా ఓడలకు దూరమైన ఊళ్లోనే 1552లో పటాల రూపకర్త గెరార్డస్ మెర్కేటర్ కాపురం పెట్టి, 1569లో నావికుల కోసం తన ప్రసిద్ధ ప్రపంచ పటాన్ని వెలువరించాడు. ఆయన 1594లో ఇక్కడే కన్నుమూశాడు.

రేవు కథ మళ్లీ మొదలైంది డ్యూస్‌బర్గ్‌లో కాదు, పక్కనే రూర్ నది ముఖద్వారం దగ్గరున్న రూరోర్ట్ అనే చిన్న పట్టణంలో. అక్కడ రేవు కట్టాలని 1716లో పట్టణ సభ తీర్మానించింది. 1780 నాటికి రూర్ నది మీద లాకులు కట్టి పడవలు నడిపించడంతో, ఎగువ గనుల బొగ్గు రూరోర్ట్‌కు చేరి, అక్కడ పెద్ద పడవల్లోకి మారి రైన్ మీద సాగిపోయేది. ఇది చూసిన డ్యూస్‌బర్గ్ వర్తకులు 19వ శతాబ్దం తొలి సగంలో కాలువ తవ్వించి, దూరమైన రైన్‌ను ఊరి దగ్గరికి తెచ్చుకున్నారు. పోటీపడిన ఆ రెండు పట్టణాలూ 1905లో ఒకే నగరంగా కలిసిపోయాయి. అప్పటికి ఒడ్డు పొడవునా ఉక్కు కర్మాగారాలు లేచాయి.

ఆ పరిశ్రమల వల్లనే రెండో ప్రపంచ యుద్ధంలో ఈ నగరం మీద బాంబుల వర్షం కురిసింది. 1944 అక్టోబరు 14, 15 తేదీల్లో జరిగిన దాడులకు ఒక్కోసారి వెయ్యికి దరిదాపుగా విమానాలు వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి నివాస గృహాల్లో అత్యధిక భాగం కూలిపోవడమో దెబ్బతినడమో జరిగింది.

యుద్ధం తర్వాత జరిగిన ఒక పనిని మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఓడల సౌకర్యం కోసం రైన్‌ను తిన్నగా సవరించి గట్లు బిగించడంతో ప్రవాహ వేగం పెరిగి, నది తన అడుగును తానే కోసుకుంటూ ఏటికేడు కిందికి దిగసాగింది. నది నీటిమట్టం తగ్గితే దానితో కలిసి ఉన్న రేవులోనూ నీరు తగ్గుతుంది, ఓడల అడుగు నేలకు తగులుతుంది. గని తవ్వితే పైనేల కుంగుతుందని ఎక్కడైనా భయపడతారు; ఇక్కడి ఇంజనీర్లు నేల కుంగడం కోసమే రేవు కింద బొగ్గు తవ్వించారు. 1950, 60 దశకాల్లో ఓ పద్ధతి ప్రకారం పొర తర్వాత పొరగా బొగ్గు తీస్తూ పోతే, రేవు గోడలు, వంతెనలు, గిడ్డంగులతో సహా ఆ ప్రాంతమంతా దాదాపు రెండు మీటర్లు కిందికి దిగింది. పైన సరుకు ఎగుమతి, దిగుమతులు సాగుతుండగానే ఇదంతా జరిగింది. ఆ ధైర్యానికి, ఆ లెక్కల నిక్కచ్చితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఉక్కుకు గిరాకీ తగ్గాక కష్టాలు మళ్లీ వచ్చాయి. 1987 చివర్లో నగరంలోని రైన్‌హౌజెన్ పేటలో ఉన్న ఉక్కు కర్మాగారం మూసివేస్తారని తెలియగానే, కార్మికులు రైన్ మీది వంతెనను దిగ్బంధించారు. వాళ్లకు అండగా ఊరు ఊరంతా కదిలింది. నెలల తరబడి పోరాడి కొంత గడువు సంపాదించగలిగారే గానీ, 1993లో ఆ కర్మాగారం మూతపడనే పడింది. ఆ వంతెనకు ‘సంఘీభావ వంతెన’ అనే పేరు నిలిచిపోయింది. కొలుములు చల్లారిన ఆ స్థలంలో ఇప్పుడు కంటైనర్లు దిగుతున్నాయి. 2011 నుంచి చైనాలోని చోంగ్‌చింగ్ నుంచి బయలుదేరిన సరుకు రైళ్లూ డ్యూస్‌బర్గ్‌కే వస్తున్నాయి. నగరంలోనే మైడెరిఖ్ అనే పేటలో 1985లో మూసిన మరో ఇనుప కర్మాగారాన్ని కూల్చకుండా ఉద్యానవనంగా మలిచారు. అక్కడ తుప్పు పట్టిన ఊదుకొలిమి మెట్లెక్కి నగరమంతా చూడవచ్చు. ఒకప్పుడు గ్యాసు నిలవ చేసిన పెద్ద తొట్టిని నీటితో నింపి అందులో ఈతగాళ్లకు డైవింగ్ నేర్పుతున్నారు.

నదితో లావాదేవీ మాత్రం ఇంకా తెగలేదు. 2018లో వానలు లేక రైన్ ఎండినప్పుడు, ఎగువన కౌబ్ దగ్గరి నీటి కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. అది నది అసలు లోతు కాకపోయినా, నిండు బరువుతో ఓడలు నడవలేవని చెప్పడానికి ఆ అంకె చాలు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ సముద్ర రేవు నుంచి ఖనిజం తెచ్చే పడవలు సగం సగం సరుకుతో వస్తుంటే, డ్యూస్‌బర్గ్ ఉక్కు కొలుములకు ముడిసరుకు చాలకుండా పోయింది.