వంశధార ఒడ్డున ఇటుకలు, శాసనాలు

శ్రోతలందరికీ నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆ రోజే తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఏటా సభల్లో వింటాం. ఆయన చేసిన ఇంకో పని గురించి అంతగా వినం. శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో గుర్తించి లోకానికి చెప్పింది ఆయనే.

పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. పాత లిపులు చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడుందని పండితులు వెతుకుతున్న రోజుల్లో, శాసనాలు చదివి, అది మన ముఖలింగమేనని చెప్పారు. ఇవాళ ఈ జిల్లాలో మనం కాపాడుకుంటున్న రెండు గొప్ప చోట్లకీ ఆయన పేరు ముడిపడి ఉందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ముందు శాలిహుండం సంగతి. వంశధార దక్షిణపు గట్టున ఉన్న కొండ అది. మెట్లెక్కి పైకి వెళ్తే ఎర్రటి ఇటుకల స్తూపాలు, చైత్యాల, అంటే బౌద్ధుల పూజా మందిరాల పునాదులు కనిపిస్తాయి. కింద నది సముద్రం వైపు సాగిపోతుంటుంది. అది సముద్రంలో కలిసే చోటు కళింగపట్నం, ఒకప్పటి రేవు. ఓడలు వచ్చిపోయే దారి పక్కనే భిక్షువులు ఈ కొండను ఎంచుకున్నారన్నమాట.

ఇక్కడ ఒక స్తూపాన్ని బండి చక్రంలా కట్టారు. మధ్యలో ఇరుసులాంటి భాగం, దాని చుట్టూ చక్రపు ఆకుల్లా ఇటుక గోడలు, ఆ గోడల మధ్య మట్టి. ఇలా కడితే ఇటుక కలిసొస్తుంది, పైనున్న బరువూ నిలుస్తుంది. బుద్ధుడి ధర్మచక్రమూ అందులోనే ఇమిడిపోయింది. ఆ తాపీ పనివాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. తవ్వకాల్లో దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాల్ని చూస్తే, ఇక్కడ బౌద్ధం వజ్రయానం అనే తాంత్రిక శాఖ దాకా నడిచిందని తెలుస్తుంది. కొండ దగ్గరే చిన్న మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు అది కూడా చూసి రండి.

ముఖలింగం వేరే రకం. అక్కడ చరిత్ర ఇంకా ఊపిరి తీసుకుంటోంది. మధుకేశ్వరుడికి రోజూ పూజలు జరుగుతాయి. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. భువనేశ్వర్ గుళ్లు చూసినవాళ్లకి ఆ శిఖరాలు, ఆ చెక్కడాలు వెంటనే పోలిక పడతాయి. ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం, ఒక సవర గిరిజన నాయకుడు ఇప్పచెట్టు మీద గొడ్డలి ఎత్తితే అందులోంచి శివుడి ముఖం కనిపించిందట. మధూకం అంటే ఇప్పచెట్టే. ఆ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాసింది కూడా గిడుగు వారే.

ఇలాంటి చోట ఒక చిక్కు ఉంది. ఊరి మధ్య గుడి, గుడి చుట్టూ ఇళ్లు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. గుడి నీడలో తరతరాలుగా ఉంటున్న మనిషికి కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవాలంటే ఎంత టెన్షనో ఆలోచించండి. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అయితే పాత ఇంటి మరమ్మతులకు ఆ 100 మీటర్ల లోపల కూడా అనుమతి అడగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కట్టడం దగ్గర పెట్టే నీలం బోర్డు మీద శిక్ష ఏమిటో రాస్తారు, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో కూడా రాయాలి. ఊరివాళ్లని దూరం పెట్టి ఏ గుడినీ కాపాడలేం.

ఇంకో మాట. పొలం దున్నేటప్పుడు పాత నాణేలో, విగ్రహమో బయటపడితే కలెక్టర్ గారికి తెలియజేయాలి. 1878 నాటి చట్టం ఇది. 10 రూపాయలకు మించి విలువ చేసే ఏ నిక్షేపానికైనా వర్తిస్తుంది. దొరికినదాన్ని కడగొద్దు, తోమొద్దు, ఉన్నచోటు నుంచి కదపొద్దు. ఏ లోతులో, దేని పక్కన దొరికిందన్నదే చరిత్రకారుడికి కావాలి. శాలిహుండం ఇటుక ఒక్కటి ఇంటి గోడలోకి వెళ్తే, అది వట్టి ఇటుకైపోతుంది.

జిల్లాలోని ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఈసారి ఆగస్టు 29న సభ కాస్త ముందే ముగించి, పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్లండి. వానాకాలం కదా, వంశధార నిండుగా ఉంటుంది. మంచినీళ్లు పట్టుకెళ్లండి. చక్రం ఆకారంలో కట్టిన ఆ స్తూపం దగ్గర పిల్లల్ని నిలబెట్టి, ఆకులు ఎన్ని ఉన్నాయో వాళ్లనే లెక్కపెట్టమనండి.

నమస్కారం.