నికొలాయె టిటులెస్కు: ఒప్పందాలతో సరిహద్దు కాచిన దౌత్యవేత్త

శ్రోతలకు నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రుమేనియా విస్తీర్ణం రెట్టింపు దాటింది. హంగరీ నుంచి ట్రాన్సిల్వేనియా, రష్యా నుంచి బెసరేబియా వచ్చి చేరాయి. పోగొట్టుకున్నవాళ్లు ఊరుకోరు కదా. ఇటు హంగరీ, అటు సోవియట్ యూనియన్, దక్షిణాన దోబ్రుజా కోసం బల్గేరియా. ముగ్గురినీ ఒకేసారి ఎదుర్కొనే సైన్యం రుమేనియాకు లేదు. ఆ లోటును అంతర్జాతీయ న్యాయంతో పూడ్చడానికి జీవితమంతా పాటుపడినవాడు నికొలాయె టిటులెస్కు.

1882లో క్రయోవాలో పుట్టి, పారిస్‌లో న్యాయశాస్త్రం చదివి, స్వదేశంలో ఆచార్యుడయ్యాడు. ఆర్థికమంత్రిగా పనిచేశాడు. 1920 జూన్ 4న, ట్రాన్సిల్వేనియాను రుమేనియాకు ఇస్తూ హంగరీతో కుదిరిన ట్రియనాన్ సంధి మీద రుమేనియా తరఫున సంతకం చేసిన ఇద్దరిలో ఆయన ఒకడు. తర్వాత చాలా ఏళ్లు లండన్‌లో రాయబారి. 1930, 1931లలో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి మహాసభకు వరుసగా అధ్యక్షుడు. ఆ గౌరవం రెండుసార్లు దక్కింది ఆయన ఒక్కడికే. బ్రిటిష్ పాలనలో ఉన్నా మన దేశానికి కూడా ఆ సమితిలో సభ్యత్వం ఉండేది.

ఆయన పనితనం తెలియాలంటే ఆప్టెంట్ల వివాదం చూడాలి. ట్రాన్సిల్వేనియాలో భూములుండి, హంగరీ పౌరసత్వం ఎంచుకున్నవాళ్లే ఆప్టెంట్లు. 1921 భూసంస్కరణలో రుమేనియా పెద్ద కమతాలను తీసుకుని రైతులకు పంచింది. ఇది ట్రియనాన్ సంధికి విరుద్ధమని హంగరీ వాదన. ఆ పక్షాన వాదించినవాడు వృద్ధ నాయకుడు కౌంట్ అపోని. టిటులెస్కు జవాబు సూటిగా ఉండేది: సంధి నిషేధించింది శత్రువుల ఆస్తులని పేరుపెట్టి లాక్కోవడాన్ని, మా చట్టం రుమేనియన్ భూస్వామికీ హంగేరియన్ భూస్వామికీ ఒక్కటే. వాదన గట్టిదే, కానీ దానితో తగాదా తీరలేదు. చివరికి 1930లో పారిస్ ఒప్పందాలతో పరిహారానికి ప్రత్యేక నిధి ఏర్పడింది. దావాలు ఇక రుమేనియా మీద కాకుండా ఆ నిధి మీదే వేయాలి. చట్టం నిలిచింది, భూములు రైతుల దగ్గరే ఉండిపోయాయి.

1932లో రెండోసారి విదేశాంగ మంత్రి అయ్యాక ఆయన వేగం పెంచాడు. 1933 ఫిబ్రవరిలో చెకోస్లొవేకియా, యుగోస్లావియాలతో ఉన్న పొత్తుకు శాశ్వత మండలినీ కార్యాలయాన్నీ ఏర్పరిచారు. 1934 ఫిబ్రవరిలో గ్రీస్, టర్కీ, యుగోస్లావియాలతో బాల్కన్ ఒప్పందం కుదిరింది.

నా దృష్టిలో వీటికంటే విలువైనది 1933 జులైలో లండన్‌లో జరిగిన దురాక్రమణ నిర్వచన ఒప్పందం. యుద్ధం ప్రకటించడం, ప్రకటించకుండానే చొరబడటం, భూసేనతోనో నౌకలతోనో విమానాలతోనో దాడి చేయడం, రేవులను దిగ్బంధించడం, పక్క దేశం మీదికి వెళ్లే సాయుధ ముఠాలకు అండగా నిలవడం. ఈ ఐదింటిలో ఏదైనా ముందు చేసినవాడే దురాక్రమణదారు. రాజకీయ, ఆర్థిక, సైనిక కారణాలేవీ సాకులు కావు. దీని మీద సోవియట్ యూనియన్ కూడా సంతకం చేసింది. 1974లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నిర్వచనంలోనూ దిగ్బంధం, సాయుధ ముఠాలు, ముందు ఎవరు బలం ప్రయోగించారన్న గీటురాయి కనిపిస్తాయి.

1934 జూన్‌లో సోవియట్ విదేశాంగ మంత్రి లిట్వినోవ్‌తో ఉత్తరాలు మార్చుకుని మాస్కోతో దౌత్య సంబంధాలు నెలకొల్పాడు. 1936 జులై 21న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఇద్దరూ పరస్పర సహాయ ఒప్పందం ముసాయిదా మీద అంగీకారానికి వచ్చారు. సాయానికి వచ్చిన సోవియట్ సేనలు యుద్ధమయ్యాక, రుమేనియా కోరితే, బెసరేబియాకు తూర్పు హద్దయిన డ్నీస్టర్ నదికి అవతలకు వెళ్లిపోవాలని అందులో ఉంది. అంటే బెసరేబియా రుమేనియాదేనని మాస్కో పరోక్షంగా ఒప్పుకున్నట్టే.

సంతకాలు కావలసింది శరదృతువులో. ఆగస్టు 29న, ఆయన విదేశంలో ఉండగానే, రెండో కరోల్ రాజు మంత్రివర్గం నుంచి తప్పించాడు. అప్పటికే హిట్లర్, సైన్యం ఉంచకూడదని సంధులు నిషేధించిన జర్మనీ పశ్చిమ ప్రాంతం రైన్‌లాండ్‌లోకి సేనలు పంపినా ఫ్రాన్స్ కదల్లేదు. మాస్కోతో చెలిమి బెర్లిన్‌కు కోపం తెప్పిస్తుందని బుకారెస్ట్‌లో భయం. టిటులెస్కు వైపు నుంచి కూడా లోపం ఉంది. ఎక్కువ కాలం విదేశీ నగరాల్లోనే గడపడంతో స్వదేశంలో ఆయన వెనుక నిలబడే సొంత పార్టీ లేదు. రాజు వద్దనుకున్నాక ఆపేవాళ్లు లేకపోయారు.

1940 జూన్‌లో సోవియట్ అంతిమ హెచ్చరికతో బెసరేబియా పోయింది. ఆగస్టులో ఉత్తర ట్రాన్సిల్వేనియా, సెప్టెంబరులో దక్షిణ దోబ్రుజా. 1941 మార్చి 17న ఫ్రాన్స్‌లోని కాన్‌లో టిటులెస్కు కన్నుమూశాడు. మాంట్రో ముసాయిదా మీద సంతకం పడి ఉంటే స్టాలిన్ ఆగేవాడని చెప్పలేం. అయితే డ్నీస్టర్‌ను హద్దుగా ఒప్పుకున్న సోవియట్ సంతకం ఒక్కటైనా ఆ జూన్‌లో రుమేనియా చేతిలో ఉండేది.