గాలితో చేసిన బొమ్మ

[దృశ్యం: విజయవాడలో ఒక మేడ మీద. చేతిలో కొండపల్లి ఏనుగు అంబారీ.]

సంక్రాంతి కొలువులో మా ఇంట్లో ముందు వరుస ఎప్పుడూ దీనిదే. తెల్లపొనికి చెక్క, చూశారుగా, ఎంత తేలికో! రంగులు, చింతగింజల మక్కు తీసేసి, చెక్క ఒక్కటే 100 గ్రాములు అనుకుందాం. ఎండిన చెక్కలో దాదాపు సగం బరువు కార్బన్‌దే. అంటే నా చేతిలో 50 గ్రాముల కార్బన్ ఉంది. కాలిస్తే సుమారు 180 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అయి పైకి పోతుంది.

ఇది చెట్టులోకి ఎక్కడి నుంచి వచ్చింది? మట్టిలోంచి అనేగా మీ జవాబు!

17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయనకూ ఇదే అనుమానం వచ్చింది. తూచిన మట్టిలో విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 70 కిలోలు దాటింది. మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే! అయితే చెట్టంతా నీళ్లతోనే తయారైందని తేల్చేశాడు, పాపం. పక్కనే ఉన్న గాలి ఆయన లెక్కకు రాలేదు. ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి, ఎండ బలంతో చక్కెర చేస్తుంది. ఆ చక్కెరే తర్వాత చెక్క అవుతుంది.

[దృశ్యం: కొండపల్లి అడవి. రాలిన ఆకుల కింద మట్టి.]

చెట్టు దాచినది మనకు కనిపిస్తుంది కాబట్టి అందరం మొక్క పట్టుకుని ఫోటో దిగుతాం. అసలు నిల్వ కాళ్ల కింద ఉంది. ప్రపంచం మొత్తం మీద నేల పైపొరలో, ఒక్క మీటరు లోతులోనే సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ ఉంది. చెట్లలో ఉన్నదీ, వాతావరణంలో ఉన్నదీ కలిపినా అంత కాదు.

[దృశ్యం: గుంటూరు దగ్గర పొలం. తగలబడుతున్న మిరప కట్టె.]

కట్టె తగలబెడితే ఏడాది పంట దాచినది ఒక్క సాయంత్రంలో గాల్లో కలుస్తుంది. ముక్కలు చేసి దున్నేస్తే? అదీ చాలావరకు సూక్ష్మజీవులు తినేసి, కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి వదిలేస్తాయి, మన ఎండలకు మరీ త్వరగా. కొంతే మట్టిని పట్టుకుని మిగులుతుంది. ఆ కొంతే ఏటేటా పోగవ్వాలి. పదే పదే దున్నితే మట్టిలోకి గాలి దూరి, అదీ కరిగిపోతుంది.

[దృశ్యం: నిజాంపట్నం వైపు, సముద్రపు అంచున మడ అడవి.]

ఈ బురద కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. కొట్టాలి కూడా! లోపల ఆక్సిజన్ లేదని దానర్థం. ఆక్సిజన్ లేకపోతే వేర్లూ ఆకులూ సరిగా కుళ్లవు. వందల ఏళ్లు అలాగే ఉండిపోతాయి. అందుకే ఎకరానికి లెక్కేస్తే మామూలు అడవులు చాలావాటికంటే మడ అడవి దాచేది ఎక్కువ.

రొయ్యల చెరువు కోసం పొక్లెయిన్ దించితే, పోయేది పైన కొట్టేసిన చెట్లు మాత్రమే కాదు. గట్టు మీద పోసిన నల్ల బురద ఎండకు బీటలు తీస్తుంది. ఆ బీటల్లోకి గాలి దూరిన రోజు నుంచే సూక్ష్మజీవులకు విందు.