పిట్టల క్రోమోజోముల్లో మార్పిడి ఎక్కడ జరుగుతుంది?

అందరికీ నమస్కారం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన విజయనగరంలో పాడే పిట్టల గురించి మాట్లాడమంటే ఎవరికైనా కాస్త టెన్షన్ ఉంటుంది. అందుకే నేను పాట జోలికి పోను. వాటి కణాల్లోకి వెళ్తాను.

ముందు ఒక సంగతి. శాస్త్రం లెక్కలో కోయిల పాడే పిట్ట కాదు, కాకి పాడే పిట్ట! మీలో కొందరికి కోపం రావచ్చు కానీ, ఈ వర్గాన్ని విడదీసింది గొంతు తీపిని బట్టి కాదు, వంశాన్ని బట్టి, స్వరపేటిక నిర్మాణాన్ని బట్టి. పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, గిజిగాడు అన్నీ ఇందులోవే. ప్రపంచంలోని పక్షి జాతుల్లో దాదాపు సగం ఈ వర్గమే. తేలినీలాపురం వచ్చే పెలికాన్లు, తేలుకుంచి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలు ఇందులోకి రావు. వాటిని చూడాలంటే శ్రీకాకుళం దాటి వెళ్ళాలి, వీటికైతే పెరట్లోకి వెళ్తే చాలు.

పరిశోధకులు ఎక్కువగా చదివిన పాడే పిట్ట ఆస్ట్రేలియాకు చెందిన జీబ్రా ఫించ్. మన వరి కంకుల మీద గుంపుగా వాలే మునియా పిట్టలది, దానిదీ ఒకటే కుటుంబం. కోడి జన్యుక్రమం 2004లో వెలువడితే, పక్షుల్లో రెండోదిగా 2010లో జీబ్రా ఫించ్‌ది వచ్చింది. సుమారు 120 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. మనిషికి 300 కోట్ల పైన ఉన్నాయి.

ఇక అసలు విషయం. వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడు తల్లి ఇచ్చిన క్రోమోజోమ్, తండ్రి ఇచ్చిన క్రోమోజోమ్ జతగా చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఇంటర్‌లో క్రాసింగ్ ఓవర్ అని చదువుకున్నది ఇదే. మన జంక్షన్‌లో పక్కపక్క లైన్లలో రెండు రైళ్ళు ఆగి ఉన్నాయనుకోండి. బోగీల వరస ఒకటే, లోపలి ప్రయాణికులు వేరు. ఒకచోట కప్లింగ్ విప్పి, ఆ వెనక బోగీలన్నీ ఇటువి అటు, అటువి ఇటు తగిలిస్తారు. కప్లింగ్ ఎప్పుడూ చివరి రెండు మూడు బోగీల దగ్గరే విప్పితే? మధ్య బోగీల్లో వాళ్ళు తరతరాలుగా కలిసే ప్రయాణం చేస్తారు. జీబ్రా ఫించ్ పెద్ద క్రోమోజోముల్లో జరిగేది అచ్చం ఇదే.

లెక్క చూస్తే ఎందుకో కొంత తెలుస్తుంది. ఈ పిట్టకు 40 జతల క్రోమోజోములున్నాయి. కొన్ని బాగా పెద్దవి, చాలావరకు బుల్లివి. ప్రతి జతలో కనీసం ఒక్క మార్పిడైనా జరగాలి, లేకపోతే ఆ జత సరిగ్గా విడిపోదు. మార్పిడి జరిగే చోట పేరుకునే ఎంఎల్‌హెచ్1 అనే ప్రోటీన్‌కు రంగు అద్ది మైక్రోస్కోపులో చూస్తే చుక్కలు కనిపిస్తాయి. లెక్కపెడితే కణానికి సగటున 45 చుక్కలు, ఆడపిట్టలోనూ మగపిట్టలోనూ. తలా ఒకటి పంచితే మిగిలేది ఐదు! బుల్లి క్రోమోజోముకీ ఒకటి తప్పనిసరి కాబట్టి, దాని పొడవుతో పోలిస్తే మార్పిడి రేటు చాలా ఎక్కువ. పెద్దవాటికి దక్కిన కొద్దిపాటి చుక్కలూ కొసలకే చేరతాయి. మధ్యలో కోట్ల అక్షరాల మేర దాదాపు ఏమీ జరగదు. ఆ ప్రాంతాన్ని ఎడారి అంటారు, పేరు బాగానే కుదిరింది.

కొసల్లో మాత్రం కచ్చితంగా ఏ చోట? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మనిషిలో, ఎలుకలో ఆ చోటు చూపించేది పీఆర్‌డీఎం9 అనే జన్యువు. అది ఒక అక్షరాల వరసను గుర్తుపట్టి, డీఎన్‌ఏ అక్కడ తెగేలా చేస్తుంది. తెగిన పోగును కణం జత క్రోమోజోములోని పోగును చూసి బాగుచేస్తుంది కాబట్టి, తెగే గుణమున్న వరస మెల్లగా తుడిచిపెట్టుకుపోతుంది. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అన్నమాట. అందుకే మనిషికీ చింపాంజీకీ ఇంత చుట్టరికం ఉన్నా, మార్పిడి కేంద్రాలు, అంటే మార్పిడి ఎక్కువగా జరిగే చోట్లు, దాదాపుగా కలవవు. పక్షులకు ఈ జన్యువే లేదు. జీబ్రా ఫించ్‌నీ, దాని బంధువు లాంగ్‌టెయిల్డ్ ఫించ్‌నీ పోల్చిన పరిశోధన 2015లో సైన్స్ పత్రికలో వచ్చింది. చాలావరకు కేంద్రాలు రెండింటిలోనూ ఒకటే. కోట్ల ఏళ్ళుగా కదల్లేదు. అవి ఎక్కువగా జన్యువులు మొదలయ్యే చోట ఉన్నాయి. అక్కడ డీఎన్‌ఏ విప్పారి ఉంటుంది కాబట్టి తెగడం తేలిక. పైగా ఆ వరస జన్యువు పని చేయడానికే కావాలి, తుడిచిపెట్టుకుపోతే పిట్టకే నష్టం.

జన్యుక్రమాలు డౌన్‌లోడ్ చేసుకుని చూసే పీజీ విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. స్వీడన్‌లోని ఉప్సలాలో హాన్స్ ఎల్లెగ్రెన్ బృందం ఫ్లైక్యాచర్ అనే పాడే పిట్టల్లో రెండు జాతుల్ని పోల్చి 2012లో నేచర్‌లో రాసింది. జన్యుక్రమంలో అక్కడక్కడ తేడాలు దీవుల్లా కనపడ్డాయి. జాతుల్ని విడదీసిన జన్యువులు దొరికాయని ఎవరికైనా ఆశ పుడుతుంది. తీరా చూస్తే, ఆ దీవుల్లో చాలావరకు మార్పిడి తక్కువగా జరిగే చోట్లే. అలాంటి చోట ఒక జన్యు రూపం ప్రకృతి ఎంపికలో నెగ్గితే చుట్టుపక్కలవన్నీ విడిపోలేక దాంతోపాటే వ్యాపిస్తాయి, వైవిధ్యం పడిపోతుంది, తేడా పెద్దదిగా కనిపిస్తుంది. మార్పిడి పటం పక్కన పెట్టుకోకుండా తేడాల పటానికి అర్థం చెప్పడం తొందరపాటే అని నా అభిప్రాయం.

చివరగా ఒక వింత. పాడే పిట్టలకు శరీర కణాల్లో లేని క్రోమోజోమ్ ఒకటి, వీర్యకణాలు, అండాలు తయారయ్యే బీజకణాల్లో మాత్రమే ఉంటుంది. రక్తం చుక్క తీసి చదివితే అసలు దొరకదు. 1998లో జీబ్రా ఫించ్‌లో కనిపెట్టారు. పరిశీలించిన పాడే పిట్టలన్నిటిలోనూ ఉందని 2019లో తేలింది. ఆడపిట్టలో అది మామూలుగా రెండు ప్రతులుగా ఉండి, జతకట్టి ముక్కలు మార్చుకుంటుంది. మగపిట్టలో ఒక్కటే ఉంటుంది, మార్చుకోవడానికి జోడీ లేదు. వీర్యకణాలు తయారయ్యే దారిలో సాధారణంగా కణం దాన్ని బయటికి నెట్టేస్తుంది. అందుకే పిల్లలకు అది ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.